వర్డ్‌ప్రెస్ బ్లాగులో ఏ పేజీకి ఎన్ని టపాలు: కోడ్ ద్వారా నిర్ణయించుకునే పద్ధతి

వర్డ్‌ప్రెస్‌లో కొత్తగా బ్లాగు తెరిచినప్పుడు ఒక్కో పేజీలో 10 టపాలు కనిపిస్తాయి. డాష్‌బోర్డులో సెట్టింగ్స్ కింద ఉండే రీడింగ్ విభాగానికి వెళ్లి ఆ 10ని 5గానో 20గానో మార్చుకోవచ్చు, చాలామందికి అంతటితో పని తీరిపోతుంది. అయితే ఆ గడిలో రాసే అంకె ఒక్కటే కాబట్టి ముఖపుటకూ, కేటగిరీ పేజీలకూ, ట్యాగు పేజీలకూ, నెలవారీ పాత టపాల పేజీలకూ, వెతుకులాట ఫలితాలకూ అదే వర్తిస్తుంది. ముఖపుటలో పెద్ద బొమ్మలతో 6 టపాలు చాలు, శీర్షికలు మాత్రమే కనిపించే వెతుకులాట పేజీలో 20 ఉండాలి, కథల కేటగిరీలో 12 ఉండాలి అనుకునేవారికి ఆ గడి సరిపోదు. అటువంటివారి కోసమే ఈ మార్గదర్శి. ఇందులోని కోడ్ చిన్నదే. కానీ దాన్ని తప్పు చోట పెడితే పాత టపాలు పాఠకులకు దొరకకుండా పోతాయి. అందువల్ల ఏమి రాయాలన్న దానితో పాటు ఎందుకు అలా రాయాలో కూడా వివరిస్తాను.

రాతపద్ధతి గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఈ వ్యాసంలో కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. వర్డ్‌ప్రెస్‌కూ, అది నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీకీ చెందిన పేర్లను మీ ఫైలులో టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు చిన్న అక్షరాలలో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో, ఖాళీ లేకుండా రాయాలి. ‘నా_’ అని మొదలయ్యే ఫంక్షన్ల పేర్లు, డాలర్ గుర్తు తరువాత వచ్చే పేర్లు మాత్రం మనం పెట్టుకునేవి. పీహెచ్‌పీ ఇటువంటి పేర్లను తెలుగు అక్షరాలలో కూడా అంగీకరిస్తుంది. అయినా ఇంగ్లిషు అక్షరాలే క్షేమం, ఎందుకంటే తెలుగు టైపింగులో కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకచోట పడి మరొకచోట పడకపోతే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కంప్యూటరుకు వేరువేరు పేర్లవుతాయి.

లెక్క ఎక్కడ తేలుతుంది

పాఠకుడు మీ బ్లాగు చిరునామాను తెరిచినప్పుడు వర్డ్‌ప్రెస్ మొదట ఆ చిరునామాను చదివి, అడిగినది ముఖపుటా, కేటగిరీయా, వెతుకులాటా అని తేల్చుకుంటుంది. తరువాత దానికి తగిన టపాలను డేటాబేస్ నుంచి తెచ్చుకుంటుంది. దీనినే ప్రధాన క్వెరీ అంటారు. తెచ్చినవి ఉన్నాయా లేవా అని చూసి, రెండో పేజీలోనో ఆ తరువాతి పేజీలోనో ఏమీ దొరకకపోతే ‘404’ అని, అంటే పేజీ లేదని నిర్ణయిస్తుంది. థీమ్‌లో పేజీ రూపాన్ని తీర్చే టెంప్లేట్ ఫైలు పని మొదలుపెట్టేది ఈ నిర్ణయాలన్నీ జరిగిన తరువాతే.

ఈ వరుస తెలియనివారు సాధారణంగా థీమ్ టెంప్లేట్‌ను తెరిచి, అక్కడ ‘క్వెరీ_పోస్ట్స్’ అనే ఫంక్షన్‌తో మరో క్వెరీ నడిపి, అందులో తమకు కావలసిన అంకెను వేస్తారు. ఇంటర్నెట్‌లోని పాత పాఠాలలో ఈ సలహా ఇంకా కనిపిస్తుంది. ముఖపుట చూడటానికి బాగానే ఉంటుంది కాబట్టి తప్పు వెంటనే బయటపడదు.

ఒక ఉదాహరణ చూడండి. బ్లాగులో 24 టపాలున్నాయి, రీడింగ్ సెట్టింగ్‌లో 10 ఉంది, టెంప్లేట్‌లో మనం 6 అని వేశాం. పేజీకి 6 చొప్పున 4 పేజీలు కావాలి, అడుగున లింకులు కూడా 4 పేజీలే చూపిస్తాయి. కానీ ప్రధాన క్వెరీ లెక్క ప్రకారం 10, 10, 4 చొప్పున ఉన్నవి 3 పేజీలే. పాఠకుడు నాలుగో పేజీని నొక్కగానే ప్రధాన క్వెరీ ఖాళీగా తిరిగి వస్తుంది, టెంప్లేట్‌కు అవకాశం రాకముందే 404 పేజీ తెరుచుకుంటుంది. ముందు పేజీలలో 18 టపాలే కనిపించాయి కాబట్టి అన్నిటికన్నా పాతవైన 6 టపాలు ఆ దారిన ఎవరికీ చేరవు. పైగా ప్రతి సందర్శనకూ డేటాబేస్‌ను ఒకసారి అడగవలసిన చోట రెండుసార్లు అడిగినట్లవుతుంది.

కాబట్టి అంకెను మార్చవలసినది టపాలు వచ్చిన తరువాత కాదు, ప్రధాన క్వెరీ డేటాబేస్ దగ్గరకు వెళ్లకముందే. ఆ క్షణంలో మనకు అవకాశమిచ్చే హుక్ (వర్డ్‌ప్రెస్ తన పని మధ్యలో మన కోడ్‌ను పిలిచే చోటు) పేరు ‘ప్రీ_గెట్_పోస్ట్స్’.

కోడ్‌ను ఎక్కడ పెట్టాలి

థీమ్‌లోని ఫంక్షన్స్.పీహెచ్‌పీ ఫైలులో నేరుగా రాస్తే, థీమ్ కొత్త వెర్షన్ వచ్చిన రోజున మీ మార్పు చెరిగిపోతుంది. చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌పై ఆధారపడి, మీ మార్పులను విడిగా దాచే థీమ్) ఉంటే దాని ఫంక్షన్స్ ఫైలులో రాయవచ్చు. నేను మాత్రం చిన్న సొంత ప్లగిన్‌నే మేలంటాను. థీమ్ మార్చినా అది నిలుస్తుంది, ఇబ్బంది వస్తే ఒక్క నొక్కుతో ఆపవచ్చు. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరులోని ప్లగిన్స్ ఫోల్డరులో కొత్త ఫోల్డరు ఒకటి, అందులో పీహెచ్‌పీ ఫైలు ఒకటి సృష్టించి, పైన ఈ రెండు వరుసలు రాస్తే చాలు:

<?పీహెచ్‌పీ
/* ప్లగిన్ నేమ్: టపాల లెక్క */

రెండో వరుసలో ‘ప్లగిన్ నేమ్’ అన్నది ఇంగ్లిషులోనే, అండర్‌స్కోర్ కాకుండా మధ్యలో ఖాళీతో ఉండాలి, దాని తరువాతి పేరు తెలుగులో ఉండవచ్చు. డాష్‌బోర్డులోని ప్లగిన్ల జాబితాలో ఆ పేరే కనిపిస్తుంది, అక్కడ దానిని యాక్టివేట్ చేయాలి. మొదలుపెట్టే ముందు సైటు బ్యాకప్ తీసుకోండి, హోస్టింగ్ ఫైల్ మేనేజరులోకి గానీ ఎఫ్‌టీపీలోకి గానీ ప్రవేశించగలుగుతున్నారో లేదో చూసుకోండి. సెమీకోలన్ ఒకటి తప్పినా సైటు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఫైల్ మేనేజరులో ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చితే సైటు మళ్లీ లేస్తుంది.

తొలి కోడ్

ఫంక్షన్ నా_టపాల_లెక్క( $క్వెరీ ) {
  ఇఫ్ ( ఈజ్_అడ్మిన్() || ! $క్వెరీ->ఈజ్_మెయిన్_క్వెరీ() ) {
    రిటర్న్;
  }
  ఇఫ్ ( $క్వెరీ->ఈజ్_హోమ్() ) {
    $క్వెరీ->సెట్( 'పోస్ట్స్_పర్_పేజ్', 6 );
  }
}
యాడ్_యాక్షన్( 'ప్రీ_గెట్_పోస్ట్స్', 'నా_టపాల_లెక్క' );

మొదటి ఇఫ్‌లోని రెండు షరతులే ఈ కోడ్‌కు ప్రాణం. ‘ప్రీ_గెట్_పోస్ట్స్’ ప్రధాన క్వెరీకి మాత్రమే పరిమితమైనది కాదు, సైటులో నడిచే ప్రతి టపాల క్వెరీకీ అది పలుకుతుంది. పక్కపట్టీలోని తాజా టపాల విడ్జెట్ కూడా తనదైన క్వెరీని నడుపుతుంది. ‘ఈజ్_మెయిన్_క్వెరీ’ షరతు లేకపోతే, 5 టపాలు చూపమని చెప్పిన విడ్జెట్ లెక్క కూడా మన కోడ్ చేతిలో మారిపోవచ్చు. అలాగే డాష్‌బోర్డులో మీరు చూసే టపాల జాబితా కూడా క్వెరీ ద్వారానే వస్తుంది కనుక, పాఠకుల కోసం వేసిన అంకె అక్కడికి పాకకుండా ‘ఈజ్_అడ్మిన్’ కాపాడుతుంది. ఇంకొక సంగతి, ఇక్కడ క్వెరీని తిరిగి పంపవలసిన అవసరం లేదు. హుక్ అసలు క్వెరీనే మన చేతికి ఇస్తుంది, నకలును కాదు. సెట్ చేసిన మార్పు దానిలోనే నిలుస్తుంది.

‘ఈజ్_హోమ్’ అన్న పేరు చాలామందిని తికమక పెడుతుంది. అది టపాల జాబితా ఉండే పేజీకి వర్తిస్తుంది. సైటు ముఖద్వారంగా మీరు ఒక స్థిరమైన పేజీని పెట్టి, టపాల కోసం వేరే పేజీని కేటాయించి ఉంటే, ఈ షరతు నెరవేరేది ఆ రెండో పేజీలోనే.

ఒక్కో రకం పేజీకి ఒక్కో అంకె

పునాది నిలిచిన తరువాత మిగిలినది షరతులు చేర్చుకోవడమే. ‘ఈజ్_హోమ్’ బ్రేసు మూసిన చోటనే ఇలా కొనసాగించండి:

  ఎల్స్ఇఫ్ ( $క్వెరీ->ఈజ్_కేటగిరీ( 'కథలు' ) ) {
    $క్వెరీ->సెట్( 'పోస్ట్స్_పర్_పేజ్', 12 );
  }
  ఎల్స్ఇఫ్ ( $క్వెరీ->ఈజ్_సెర్చ్() ) {
    $క్వెరీ->సెట్( 'పోస్ట్స్_పర్_పేజ్', 20 );
  }

కేటగిరీ పేరును తెలుగులో పెట్టుకున్నవారు కొటేషన్ గుర్తుల మధ్య పేరుకు బదులు ఆ కేటగిరీ ఐడీ సంఖ్యను ఇవ్వడం మంచిది. డాష్‌బోర్డులో కేటగిరీని ఎడిట్ చేసేందుకు తెరిచినప్పుడు బ్రౌజరు చిరునామాలో ‘ట్యాగ్_ఐడీ’ తరువాత కనిపించేది అదే. ట్యాగులకు ‘ఈజ్_ట్యాగ్’, రచయితల పేజీలకు ‘ఈజ్_ఆథర్’, తేదీల వారీ పేజీలకు ‘ఈజ్_డేట్’, పుస్తక సమీక్షల వంటి ప్రత్యేక టపా రకాల జాబితాలకు ‘ఈజ్_పోస్ట్_టైప్_ఆర్కైవ్’ ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి పట్టుకోవాలంటే ‘ఈజ్_ఆర్కైవ్’ చాలు. దానిని వరుసలో చివర పెట్టండి, ముందు పెడితే కథల కేటగిరీ కూడా దానికే చిక్కి తన ప్రత్యేక షరతు దాకా చేరదు.

అంకె స్థానంలో -1 వేస్తే ఉన్న టపాలన్నీ ఒకే పేజీలో వస్తాయి. 15 టపాలున్న చిన్న కేటగిరీకి అది ముచ్చటగా ఉండవచ్చు గానీ, బ్లాగు పెరిగేకొద్దీ ఆ పేజీ సర్వరుకు భారమవుతుంది. అన్నీ చూపాలని గట్టిగా ఉంటే 100 వంటి హద్దు పెట్టమనే నా సలహా.

అంకెను ఎలా ఎంచుకోవాలి

థీమ్ టపాలను గళ్లుగా పరిస్తే, వరుసకు ఎన్ని గళ్లో ముందు చూడాలి. 3 గళ్ల వరుసలో 10 టపాలు పెడితే చివరి వరుసలో ఒక్కటే మిగిలిపోతుంది. 12 అయితే 2, 3, 4 గళ్ల వరుసలన్నిటికీ సరిపోతుంది, ఫోనులోనూ కంప్యూటరులోనూ గళ్ల సంఖ్య మారే థీమ్‌లకు ఇది కలిసివస్తుంది. జాబితాలో టపా సారాంశమే వస్తుందా, పూర్తి పాఠం వస్తుందా అన్నది దీనికన్నా ముఖ్యం. వర్డ్‌ప్రెస్ తనంతట తాను తీసే సారాంశం 55 పదాలు. ‘చెప్పుకోవలసినదేమిటంటే’ వంటి పొడవాటి పదాలుండే తెలుగులో 55 పదాలు ఇంగ్లిషు 55 పదాలకన్నా ఎక్కువ చోటు తీసుకుంటాయి. అందుకే ఇంగ్లిషు థీమ్ నమూనాలో పొందికగా కనిపించిన 10 టపాల జాబితా తెలుగు బ్లాగులో అంతులేకుండా సాగినట్లు అనిపిస్తుంది. పూర్తి పాఠాలు చూపేవారు 5కు మించకపోవడం మంచిది, బొమ్మలెక్కువగా ఉంటే ఇంకా తక్కువ.

అంటించిన టపాలు లెక్క తప్పించినప్పుడు

6 అని వేసినా ముఖపుటలో 8 టపాలు కనిపిస్తున్నాయంటే, ముందుగా అనుమానించవలసినది స్టిక్కీ టపాలను. పైన అంటిపెట్టిన టపా ఆ పేజీకి సహజంగా వచ్చే ఆరింటిలో ఉంటే, అది పైకి జరుగుతుంది, సంఖ్య మారదు. అది పాత టపా అయితే వర్డ్‌ప్రెస్ దానిని విడిగా తెచ్చి ఆరింటి పైన చేరుస్తుంది. అటువంటివి రెండుంటే మొత్తం 8 అవుతాయి. పైగా అవే టపాలు తమ తేదీకి చెందిన వెనుక పేజీలలో మళ్లీ కనిపిస్తాయి. లెక్క కచ్చితంగా ఉండాలనుకుంటే, ‘ఈజ్_హోమ్’ షరతులో ఈ వరుసను చేర్చండి:

$క్వెరీ->సెట్( 'ఇగ్నోర్_స్టిక్కీ_పోస్ట్స్', ట్రూ );

దీనితో స్టిక్కీ టపాలు పైన నిలిచే గుణాన్ని కోల్పోయి తమ తేదీ ప్రకారమే వస్తాయి. ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

మొదటి పేజీలో 7, తరువాతి పేజీలలో 6

తాజా టపాను పెద్దగా పైన చూపి, దాని కింద 6 గళ్లు పేర్చే పత్రిక తరహా రూపం చాలామందికి ఇష్టం. అప్పుడు మొదటి పేజీకి 7, మిగిలినవాటికి 6 కావాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

పేజీని బట్టి అంకె మార్చడమొక్కటే సరిపోదు. రెండో పేజీకి 6 అని చెబితే, వర్డ్‌ప్రెస్ మొదటి పేజీలో కూడా 6 టపాలే వెళ్లాయని భావించి ఏడో టపా నుంచి మొదలుపెడుతుంది. ఏడో టపాను పాఠకుడు అప్పటికే చూసి ఉంటాడు. కనుక ఎన్ని టపాలు దాటవేయాలో ‘ఆఫ్‌సెట్’ ద్వారా మనమే చెప్పాలి. ఆఫ్‌సెట్ ఇచ్చిన మరుక్షణం వర్డ్‌ప్రెస్ తన పేజీల గుణింతాన్ని పక్కన పెట్టేస్తుంది, అందువల్ల ప్రతి పేజీకీ లెక్క మనదే: రెండో పేజీకి 7, మూడో పేజీకి 13, నాలుగో పేజీకి 19.

ఫంక్షన్ నా_తొలి_పేజీ( $క్వెరీ ) {
  ఇఫ్ ( ఈజ్_అడ్మిన్() || ! $క్వెరీ->ఈజ్_మెయిన్_క్వెరీ() || ! $క్వెరీ->ఈజ్_హోమ్() ) {
    రిటర్న్;
  }
  $క్వెరీ->సెట్( 'ఇగ్నోర్_స్టిక్కీ_పోస్ట్స్', ట్రూ );
  $పేజీ = మ్యాక్స్( 1, (ఇంట్) $క్వెరీ->గెట్( 'పేజ్డ్' ) );
  ఇఫ్ ( $పేజీ === 1 ) {
    $క్వెరీ->సెట్( 'పోస్ట్స్_పర్_పేజ్', 7 );
  } ఎల్స్ {
    $క్వెరీ->సెట్( 'పోస్ట్స్_పర్_పేజ్', 6 );
    $క్వెరీ->సెట్( 'ఆఫ్‌సెట్', 7 + ( $పేజీ - 2 ) * 6 );
  }
}
యాడ్_యాక్షన్( 'ప్రీ_గెట్_పోస్ట్స్', 'నా_తొలి_పేజీ' );

మొదటి పేజీలో ‘పేజ్డ్’ విలువ 1 కాదు, 0. అందుకే మ్యాక్స్ వాడాం. ఈ కోడ్ పెట్టినవారు తొలి కోడ్‌లోని ‘ఈజ్_హోమ్’ భాగాన్ని తీసివేసి, దాని వెనుక వచ్చే మొదటి ఎల్స్ఇఫ్‌ను ఇఫ్‌గా మార్చాలి. లేకపోతే రెండు ఫంక్షన్లు ఒకే అంకె కోసం పోటీపడతాయి.

ఇంతటితో టపాలు సరిగ్గా వస్తాయి గానీ, అడుగున కనిపించే పేజీల సంఖ్య ఇంకా తప్పే. వర్డ్‌ప్రెస్ మొత్తం టపాలను అప్పుడున్న పేజీ అంకెతో భాగించి పైకి సవరిస్తుంది. 40 టపాలనుకోండి. నిజంగా కావలసినవి మొదటి పేజీ ఒకటి, మిగిలిన 33కు 6 చొప్పున 6 పేజీలు, మొత్తం 7. మొదటి పేజీలో మాత్రం 40ని 7తో భాగించి 6 పేజీలే ఉన్నాయంటుంది, చివరి పేజీకి లింకు కనబడదు. 43 టపాలయితే తప్పు ఇంకో వైపు తిరుగుతుంది: కావలసినవి 7 పేజీలే అయినా, రెండో పేజీ నుంచి 43ను 6తో భాగించి 8 పేజీలంటుంది, ఎనిమిదోది నొక్కితే 404 వస్తుంది. ‘ఫౌండ్_పోస్ట్స్’ ఫిల్టరుతో (విలువను మార్చి తిరిగి ఇవ్వవలసిన హుక్‌తో) దీనిని సరిదిద్దాలి:

ఫంక్షన్ నా_మొత్తం( $మొత్తం, $క్వెరీ ) {
  ఇఫ్ ( ఈజ్_అడ్మిన్() || ! $క్వెరీ->ఈజ్_మెయిన్_క్వెరీ() || ! $క్వెరీ->ఈజ్_హోమ్() || $మొత్తం <= 7 ) {
    రిటర్న్ $మొత్తం;
  }
  $పేజీలు = 1 + సీల్( ( $మొత్తం - 7 ) / 6 );
  రిటర్న్ $పేజీలు * $క్వెరీ->గెట్( 'పోస్ట్స్_పర్_పేజ్' );
}
యాడ్_ఫిల్టర్( 'ఫౌండ్_పోస్ట్స్', 'నా_మొత్తం', 10, 2 );

నిజమైన పేజీల సంఖ్యను మనమే లెక్కగట్టి, వర్డ్‌ప్రెస్ ఏ అంకెతో భాగించబోతుందో దానితోనే గుణించి ఇస్తున్నాం కనుక, భాగహారం చివర ఎప్పుడూ సరైన సంఖ్యే మిగులుతుంది. చివరి వరుసలోని 2, ఫంక్షన్‌కు రెండు విలువలు కావాలని చెబుతుంది. దానిని మరచిపోతే $క్వెరీ అందక దోషం వస్తుంది. దీనికి ఒక మూల్యం ఉంది: ఈ పేజీలో మొత్తం టపాల సంఖ్యను థీమ్ ఎక్కడైనా ప్రకటిస్తుంటే అది నిజమైన సంఖ్య కాదు, ఆ ప్రకటనను తీసివేయాలి.

కోడ్ పెట్టినా మారని చోట్లు

సైట్ ఎడిటరులో బ్లాకులతో పేజీలు కూర్చే బ్లాక్ థీమ్‌లలో టపాల జాబితాను క్వెరీ లూప్ అనే బ్లాక్ చూపిస్తుంది. ఆ బ్లాక్ టెంప్లేట్ క్వెరీని వారసత్వంగా తీసుకునేలా అమర్చి ఉంటేనే పై కోడ్ దానిపై పనిచేస్తుంది. సొంత క్వెరీగా అమర్చి ఉంటే అది ప్రధాన క్వెరీ కాదు, అంకెను సైట్ ఎడిటరులో ఆ బ్లాక్ సెట్టింగులలోనే మార్చుకోవాలి.

‘మరిన్ని’ అనే మీట నొక్కితే టపాలు కిందకు వచ్చి చేరే థీమ్‌లలో, ఆ మీట తనదైన క్వెరీ నడుపుతుండవచ్చు. ముఖపుటలో 6 చూపించి, మీట మాత్రం పేజీకి 10 చొప్పున రెండో పేజీని తెచ్చిందంటే, అది పదకొండో టపా నుంచి మొదలవుతుంది, 7 నుంచి 10 వరకు ఉన్న నాలుగు టపాలు ఎక్కడా కనిపించవు. మీట కోడ్‌లోని అంకెను కూడా 6 చేయాలి.

ఫీడ్ రీడర్లకు కొత్త టపాలను అందించే ఆర్ఎస్ఎస్ ఫీడుకు వేరే లెక్క ఉంది. ఫీడు అడిగినప్పుడు వర్డ్‌ప్రెస్ ‘పోస్ట్స్_పర్_పేజ్’ను పట్టించుకోకుండా ‘పోస్ట్స్_పర్_ఆర్ఎస్ఎస్’ను వాడుతుంది. అది రీడింగ్ సెట్టింగ్‌లో రెండో గడి.

ఇవేవీ కాకపోతే థీమ్ గానీ మరో ప్లగిన్ గానీ అదే హుక్‌లో మీ తరువాత తన అంకెను వేస్తుండవచ్చు. ‘యాడ్_యాక్షన్’ వరుసలో ఫంక్షన్ పేరు తరువాత 99 అని చేర్చితే మీ కోడ్ ఆలస్యంగా నడిచి, మీ మాటే చెల్లుతుంది. ఏమీ రాయకపోతే ఆ స్థానంలో 10 ఉన్నట్లే. క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్‌ను కాసేపు పెట్టుకుంటే, పేజీ ఏ క్వెరీలు నడిపిందో, వాటిలో ఎన్ని టపాల హద్దు పడిందో కళ్లారా చూడవచ్చు.

పరీక్షించడం

పేజీల పాత నకళ్లను దాచి చూపే క్యాష్ ప్లగిన్ ఉంటే ముందు ఆ నకళ్లను ఖాళీ చేయండి. తరువాత లాగిన్ లేని బ్రౌజరు కిటికీలో ముఖపుట తెరిచి, టపాలను వేలితో లెక్కపెట్టండి. రెండో పేజీలోని మొదటి టపా, మొదటి పేజీలోని చివరి టపాకు వెంటనే ముందటి తేదీదేనా చూడండి. ఆ తరువాత నేరుగా చివరి పేజీకి వెళ్లి, అక్కడ మీ బ్లాగులో మీరు రాసిన మొట్టమొదటి టపా ఉందో లేదో చూడండి. దాని తరువాతి సంఖ్యను చిరునామాలో చేత్తో టైపు చేస్తే 404 రావాలి. కథల కేటగిరీలోనూ, వెతుకులాటలోనూ టపాల సంఖ్యనూ, చివరి పేజీ తెరుచుకోవడాన్నీ ఇలాగే చూసి, చివరగా డాష్‌బోర్డులోని టపాల జాబితా మునుపటిలాగే ఉందని నిర్ధారించుకోండి.